వాసనకు సాక్ష్యం చెల్లుతుందా?

నీళ్లు చేపకు పనికొస్తాయో లేదో తేల్చడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి ఒక కొలత ఉంది. లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 నుంచి 8.5, ఫ్రీ అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించకూడదు. అది ‘డి’ తరగతి నీరు. చేప బతుకుతుంది. ఆ చేపను గంపకెత్తుకుని ఎల్లారెడ్డిలోనో కామారెడ్డిలోనో అమ్ముకునే ఆడమనిషి బతుకు ఏ తరగతిలోకి వస్తుంది?

నిజాంసాగర్‌కు ఎగువన పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలిశాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకెక్కింది. నష్టపోయిన రైతులకు పరిహారమన్నారు. పొలానికి పట్టా ఉంటుంది, గంపకు ఉండదు కదా! చెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది. సభ్యత్వం ఎక్కువగా వల వేసే మగవాడిది. (ముదిరాజులా, గంగపుత్రులా అన్న తగాదాలోనూ మాట్లాడేది మగవాళ్లే.)

మొప్ప ఎత్తి, వాసన చూసి నీటి సంగతి చెప్పగలిగేది ఆమె. కానీ ‘సాక్షి’ అనే మాటలో ఉన్నది అక్షి, కన్ను. ముక్కుకీ వేలికొసలకీ అందులో చోటు లేదు. పైగా ఆమె నిజం చెబితే మొదట మునిగేది ఆమె బేరమే. ఫ్యాక్టరీ దాచుకుంటే వ్యాపార రహస్యమంటాం. ఆమె నోరు మెదపకపోతే మోసమంటామా? మౌనంగా ఉండే హక్కు ఆమెకే ఎక్కువని నాకనిపిస్తుంది. తిని జబ్బుపడే మనిషీ పేదే కాబట్టి ఆ మాట నిశ్చింతగా అనలేను.

శాంపిల్ సీసాకు మూత బిగించేముందు ఆమెనూ అడగాలి. అడిగే అధికారి, ఆ రోజు అమ్ముడుపోని గంపకు డబ్బులెవరిస్తారో ముందు చెప్పాలి.