ఇంజనుకి ఉద్వాసన

ఏటా సెప్టెంబరు 17న జంషెడ్‌పూర్‌లో పురోహితుడికి ఊపిరాడదు. ఆ రోజు విశ్వకర్మ పూజ. ఆదిత్యపూర్‌లో ఒక్క లేతు మిషను పెట్టుకుని బతికే షెడ్డు యజమాని మొదలు పెద్ద కాంట్రాక్టరు దాకా అందరికీ తెల్లారేసరికే పూజ అయిపోవాలి. తెలుగువాళ్లు నన్ను పిలుస్తారు. మట్టి విగ్రహం ముందు కలశం పెట్టి ఆవాహన చేస్తాను. లేతుకీ, డ్రిల్లుకీ, క్రేనుకీ బొట్లు పెడతాం. మర్నాడు యథాస్థానం చెప్పి కలశం కదిలిస్తాను. విగ్రహాన్ని దోముహానీకి, అంటే ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసే చోటికి, తీసుకెళ్లి నిమజ్జనం చేస్తారు. దేవుడు మర్యాదగా వచ్చి మర్యాదగా వెళతాడు. మిషను మీద బొట్టు మాత్రం అలాగే ఉంటుంది. మరి ఆ మిషను పనికిరాకుండా పోయిన రోజున చెప్పాల్సింది ఏమైనా ఉందా?

ఈ ప్రశ్న నాది కాదు, మా బావది. ఆయన విజయవాడ డీజిల్ లోకో షెడ్డులో టెక్నీషియన్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. ఆయన చేతికింద ఎక్కువగా నలిగినవి డబ్ల్యూడీపీ-1 ఇంజన్లు. 1995 నుంచి వారణాసి కార్ఖానాలో కట్టిన రకం అది. పీ అంటే పాసింజరు. ఒకప్పుడు దేశమంతా తిరిగిన డబ్ల్యూడీఎం-2కి ఆరు ఇరుసులు, 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్ అయితే దీనికి నాలుగే ఇరుసులు, 12 సిలిండర్లు, 2300 హార్స్‌పవర్. బరువు 80 టన్నులు. గంటకి 120 కిలోమీటర్ల వేగంతో, తక్కువ పెట్టెలున్న ఇంటర్‌సిటీ బళ్లని లాగుతుందనుకున్నారు. మొత్తం కట్టినవి 69. అనుకున్నంతగా అచ్చిరాలేదు. నిర్వహణ తలనొప్పులతో చివరికి దగ్గరి ఊళ్ల పాసింజర్లకి మిగిలాయి. కరెంటు తీగలు ఆ లైన్లకీ వచ్చాక వీటికి పనే లేకుండా పోయింది.

పెద్ద పేరు తెచ్చుకోని ఇంజనే. మా బావకి మాత్రం దాని సంగతి ఎత్తితే భోజనం గుర్తుండదు. ఇందులో డీజిల్ మంట చక్రాన్ని నేరుగా తిప్పదట. జనరేటరుని తిప్పుతుంది. అక్కడ పుట్టిన కరెంటు తీగల్లోంచి ఇరుసుల మీది ట్రాక్షన్ మోటార్లకి చేరితే అవి చక్రాల్ని తిప్పుతాయి. ఆ మంటకీ చక్రానికీ మధ్య కడ్డీ లేదు, గొలుసు లేదు. ‘ఇంతకీ ప్రాణం ఎక్కడుందో చెప్పు’ అంటాడు. ఇంజన్ని కండెమ్ చేశాక పనికొచ్చే భాగాలు ఊడదీసి వేరేవాటికి వేస్తారు. మిగిలిన ఇనుము వేలానికి పోతుంది. అప్పుడొకసారి నాకు ఫోన్ చేసి అడిగాడు: “ఏం బావా, ప్రతి దసరాకీ దాని ముందు గుమ్మడికాయ కొట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఇవాళ టన్నుల లెక్కన అమ్ముతున్నారు. అమ్మవారు ఉన్నట్టా, వెళ్లిపోయినట్టా?”

చదువుకున్నవాణ్ణి కదా, ముందు శాస్త్రంలో వెతికాను. ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి మట్టిముద్ద గురించీ బంగారం గురించీ చెప్పి, మూడో ఉదాహరణగా గోళ్లు తీసుకునే చిన్న పనిముట్టుని పట్టుకుంటాడు. దాన్ని తెలుసుకుంటే ఇనుముతో చేసినవన్నీ తెలిసినట్టేనట. ఆకారాలన్నీ మాటవరసకి, ఇనుమొక్కటే నిజం. ఈ ఊళ్లో ఆ పాఠానికి గురువక్కర్లేదు. మా వీధిలో, ఉక్కు తయారుచేసే ఎల్‌డీ షాపులో పనిచేసే కుర్రాణ్ణి అడగండి. కన్వర్టరులో ముందు తుక్కు వేస్తారు, దానిమీద కరిగిన ఇనుము పోసి ఆక్సిజన్ ఊదుతారు. అప్పుడు పుట్టే వేడి అదుపు తప్పకుండా తుక్కు కాస్త చల్లబరుస్తుంది. ఆ తుక్కు నిన్న రైలుపట్టానో సైకిలు చట్రమో అక్కడెవరికీ అక్కర్లేదు.

బావకి ఇది చెబితే ఒప్పుకోలేదు. “ఇనుముతో నేను ముప్ఫయ్యేళ్లు కాపురం చెయ్యలేదు, ఇంజనుతో చేశాను” అన్నాడు.

పోనీ బౌద్ధుల దగ్గరికి వెళదామంటే, నాగసేనుడు మిళిందుడనే యవన రాజుని రథం గురించి అడిగిన ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా? ఏదీ కాదు, అన్నీ కలిసినప్పుడు మనం పెట్టుకున్న పేరు రథం. న్యాయదర్శనం వాళ్లు, అంటే నైయాయికులు, దీనికి ఎదురు. భాగాలకంటే వేరుగా అవయవి అనే పూర్తి వస్తువు ఉందని వాళ్ల పట్టు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే కాబట్టి నాకు అటువైపే మొగ్గు. కానీ అందులోనూ ఒక చిక్కుంది. బట్టలోంచి ముక్క చిరిగితే పాత బట్ట నశించినట్టే, మిగిలింది కొత్త బట్ట అంటారు వాళ్లు. ఆ లెక్కన మోటారు ఊడదీసినప్పుడల్లా ఒక ఇంజను చచ్చి ఇంకోటి పుట్టాలి. షెడ్డు రిజిస్టరులో మాత్రం నంబరు మారదు. ఏ రోజు ఏ భాగం మార్చారో, ఎక్కడ ఆయిల్ కారిందో అన్నీ ఆ ఒక్క నంబరు కిందే రాస్తారు. అవయవి అంటే ఏమిటో నాకు ఆ రిజిస్టరు మాట విన్నాకే కాస్త అర్థమైంది.

జవాబు దొరికింది దర్శనాల్లో కాదు, ఆగమాల్లో. గుడిలో మూర్తి బాగుచేయలేనంతగా పాడైతే జీర్ణోద్ధరణ విధి ఉంది. ముందు కళాకర్షణ చేసి మూర్తిలోని దైవకళని కలశంలోకి తీసుకుని బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, ఉంచుతారు. పాతమూర్తి రాయిదైతే నీళ్లలో వదులుతారు, చెక్కదైతే అగ్నికిస్తారు, లోహమైతే కరిగిస్తారు. ఇనుము కొలిమికి పోవడం అపచారం కాదని దీన్నిబట్టి తేలుతోంది. చెప్పకుండా పోవడమే అపచారం. ఇక్కడికి పూరీ దూరం కాదు. 2015లో నవకళేబరం జరిగినప్పుడు పాత దారుమూర్తుల్లోంచి బ్రహ్మపదార్థాన్ని కొత్తవాటిలోకి మార్చి, పాతవాటిని కోయిలి వైకుంఠంలో పూడ్చారు. ఆ గుడి సేవకులైన దైతాపతులు సొంతమనిషి పోయినట్టే మైల పట్టారు. సాక్షాత్తు జగన్నాథుడికే పాత ఒళ్లు వదలడానికి అంత తంతు ఉంటే, 80 టన్నుల సేవకుడికి ఒక్క మాటా ఉండొద్దా?

పండితులు అడ్డు చెబుతారని తెలుసు. ఇంజనుకి మనమెప్పుడూ ప్రాణప్రతిష్ఠ చేయలేదు. ఆవాహన అయింది కలశంలోకి, దానికి ఉద్వాసన కూడా అయిపోయింది. బొట్టూ గుమ్మడికాయా ఉపచారాలు మాత్రమే. కాబట్టి శాస్త్రప్రకారం ఇంజనుకి బాకీ ఏమీ లేదు. వాదం సరైనదే. అయితే ఇదంతా మనుషుల ఊరట కోసమేనని కొట్టిపారేస్తే మాత్రం ఒప్పుకోను. తర్పణం విడిచేటప్పుడు పితృదేవతలతో ఆగం, బ్రహ్మ మొదలు గడ్డిపరక దాకా అన్నిటికీ నీళ్లు వదులుతాం. గడ్డిపరకకి అది తెలుస్తుందా అని ఎవరూ అడగరు. రుణం అవతలివాడికి తెలివి ఉండటాన్ని బట్టి ఏర్పడదు, మనం తీసుకున్నదాన్ని బట్టి ఏర్పడుతుంది. పొద్దున్నే కూలికీ కాలేజీకీ వెళ్లే జనాన్ని దానిచేత అన్నేళ్లు మోయించుకున్నాక బాకీ లేదనడం చెల్లదు.

ఈ ఊరికి ఇది మరీ చెప్పాలి. 1945లో మొదలైన టెల్కో ఇక్కడ మీటర్‌గేజి ఆవిరి ఇంజన్లు కట్టింది. పాసింజర్ బళ్లు లాగే వైపీ రకం కూడా ఇక్కడ తయారైందే. 1970 నాటికి ఆ పని ఆగిపోయి, కార్ఖానా లారీలదైంది. ఆ ఇంజన్లలో చాలావరకు ఏ పలుకూ లేకుండానే తుక్కయిపోయాయి.

లోకో షెడ్ల వాళ్లకి నా విన్నపం ఒకటే. తుక్కు లారీ రావడానికి ముందురోజు ఇంజను ముందు ఒక కలశం పెట్టండి. దాని నంబరు చదవండి, అది తిరిగిన లైన్ల పేర్లు చెప్పండి, హారతిచ్చి కలశం కదిలించండి. పావుగంట పని. పురోహితుడు దొరక్కపోతే షెడ్డులో పాత ఫిట్టరు చేసినా చాలు, మంత్రం రాకపోతే తెలుగులో చెప్పినా చెల్లుతుంది.