పేగు తిరగేసిన చేతులు

పోయినేడు ఎండాకాలంలో మా మాదిగపల్లె పిల్ల ఒకామె కాగితం చేతబట్టుకుని మా ఇంటికొచ్చింది. నా దగ్గరే పదో తరగతి చదివింది. ఎమ్మెస్సీ చేసి నెట్ పాసయింది. ఆ కాగితం ఒక యూనివర్సిటీ ల్యాబు నోటిఫికేషను. మనిషి పేగుని ప్లాస్టిక్ పళ్ళేలలో పెంచి, దానిమీద రోగాల్నీ మందుల్నీ పరీక్షించే ప్రాజెక్టు. అందులో జేఆర్ఎఫ్ పోస్టు. నెలకి 37 వేలు, ఇంటద్దె వేరే. మూడేళ్ళ కాంట్రాక్టు. ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది.

"సార్, చేరమంటారా? బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటారా?" అనడిగింది.

డీఎస్సీ రాయమ్మా అన్నాను. ఆలోచించను కూడా లేదు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, గోరుతో మడతలు నొక్కి, "సరే సార్" అని లేచింది.

ఆ సలహాకి రెండు కారణాలున్నాయి. మొదటిది నలుగురిలో చెప్పుకోదగ్గదే. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. నెలనెలా తప్పకుండా వచ్చే జీతం ఏం చేసిద్దో నా ఇంట్లోనే చూశాను. నాన్న అప్పు తీరింది. ఇంటికి స్లాబు పడింది. అమ్మ పరాయివాళ్ళ చేలో నడుం వంచడం మానింది. మూడేళ్ళ కాంట్రాక్టుని నమ్ముకునే ధైర్యం వెనక పొలమో పుట్రో ఉన్నవాళ్ళకి ఉంటుంది. మాకెక్కడిది?

రెండో కారణం నేనెవరికీ చెప్పలేదు. కాగితంలో పేగు అన్న మాట చూడగానే నాకు వాసన కొట్టింది.

నా చిన్నప్పుడు ఊళ్ళో గొడ్డు చస్తే కబురు మా నాన్నకొచ్చేది. తోలు ఒలవడం మగాళ్ళ పని. పేగులు ఆడాళ్ళ పని. అమ్మ తట్టనిండా పేగులేసుకుని వాగొడ్డుకి పోయేది, వెనకే నేను. ముందు పేడంతా పిండేది. తర్వాత సన్నటి పుల్లకి పేగు కొస తొడిగి, రెండు వేళ్ళతో జార్చుకుంటూ లోపలిది బయటికి తిరగేసేది. మూరలకి మూరలు తిరగబడేది, ఎక్కడా చిరిగేది కాదు. తిరగేశాక తువ్వాలు గుడ్డలాగా మెత్తగా, నూగునూగుగా ఉండేది. దాన్ని మొండికత్తితో గీరితే జిగురు ఊడొచ్చేది. ఆ జిగురు వాగులోకి పోయేది. ఉప్పు పెట్టి, పసుపు పెట్టి నాలుగైదు నీళ్ళు మార్చి కడిగినా ఆ వాసన చేతుల్ని వదిలేది కాదు.

అమ్మకి అక్షరం ముక్క రాదు. అయినా చచ్చిన ప్రతి గొడ్డునీ ముట్టనిచ్చేది కాదు. ముక్కులోంచి నల్లటి రక్తం గడ్డకట్టకుండా కారుతుంటే, "ఇది కోసేది కాదు, పూడ్చిపెట్టండి" అని మగాళ్ళ మీద అరిచేది. కూరలేక పస్తులున్న రోజుల్లో కూడా. ఆ లక్షణం దొమ్మదని, ఆంత్రాక్స్ అని నాకు బీఎస్సీలో తెలిసింది. అమ్మకెవరు చెప్పారో, వాళ్ళకెవరు చెప్పారో. ఎంతమంది చచ్చి నేర్పారో.

బళ్ళో నా చొక్కా వాసనొస్తుందని పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఆరో తరగతిలో అయ్యవారే నన్ను కిటికీ దగ్గరికి జరిపాడు, గాలి తగలాలని. మీ అమ్మేం చేసిద్దిరా అని అడిగితే కూలికి పోద్ది అని చెప్పడం అప్పుడే నేర్చుకున్నా. కాలేజీలోనూ అదే చెప్పా. పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పా. ఆ పిల్లని పేగుల దగ్గరికి పోవద్దన్నది ఆ ఆరో తరగతి కుర్రాడే.

ఈ పని సంగతి తర్వాత కూర్చుని చదివాను. సిగ్గుపడి చదివానంటే సరిగ్గా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో హాన్స్ క్లేవర్స్ ల్యాబులో, తోషిరో సాటో అనే జపాన్ శాస్త్రవేత్త 2009లో ఎలుక పేగులోని ఒకే ఒక్క మూలకణం నుంచి చిన్న పేగుముక్కను పెంచి చూపించాడు. 2011కల్లా మనిషి పేగుతోనూ అది సాధ్యమైంది. వీటిని ఆర్గనాయిడ్లంటారు, ఇసుకరేణువంత ఉంటాయి. ఎలుక కణితి నుంచి తీసిన మాట్రిజెల్ అనే జిగురులో పెరుగుతాయి. ఆ జిగురు ఐసు మీద నీళ్ళలా ఉండి, ఒంటి వెచ్చదనానికి గడ్డకడుతుంది. రెండు మూడు రోజులకోసారి మేత మార్చాలి. వారానికోసారి ముక్కలు చేసి కొత్త జిగురులో నాటాలి. నారుమడి పనే. కణాలకి ఆదివారం, పండగ తెలియవు కాబట్టి ఆ ఉద్యోగులకీ ఉండవు.

పదో తరగతి పిల్లలకి నేను చూషకాలని బొమ్మ గీసి చెప్పేది పేగు లోపలి ఆ నూగునే. నూగు మొదట్లో గుంటలుంటాయి, గుంటల అడుగున మూలకణాలుంటాయి. మన పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి ఊడిపోయి అక్కడినుంచే కొత్తది పుడుతుంది. అమ్మ మొండికత్తితో గీరి వాగులో కలిపిన జిగురులో ఇవన్నీ ఉన్నాయి. నేను పక్కనే గొంతుక్కూర్చుని ముక్కు మూసుకున్నాను.

అమ్మ చేసిందీ సైన్సేనని చెప్పి చేతులు దులుపుకోవచ్చా? కంచ ఐలయ్య 2009లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో మాదిగల్ని అట్టడుగు శాస్త్రవేత్తలన్నాడు. ఆ మాట చదివినప్పుడు నా ఛాతీ ఉప్పొంగింది, అబద్ధమెందుకు. కానీ ఇప్పుడు నాకో ఇబ్బంది ఉంది. అమ్మకి ఆ పని వద్దనే వీలు లేదు. రానని నాన్న ఒకసారి కబురు చేస్తే, మర్నాటి నుంచి ఊళ్ళో మాకు కూలి లేదు. వద్దనే హక్కు లేని పనిని గొప్ప పనని పొగడటం గాంధీగారు కూడా చేశారు, పాకీపని గురించి. ఆ పొగడ్త మన నోటినుంచి వచ్చినా దాని రుచి మారదు. కులమంటే పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల విభజన అని అంబేడ్కర్ 1936లో 'కులనిర్మూలన'లో తేల్చాడు. అదే పేగు, అదే జిగురు. ఉట్రెక్ట్‌లో దాన్ని ముట్టుకున్న చేతికి డాక్టరేటు. వాగొడ్డున ముట్టుకున్న చేతికి దూరంగా నిలబడమన్న సైగ. గ్లౌజులున్నాయి గదా అని తేడా చెబితే నేనొప్పుకోను. ల్యాబులో మనిషికి "ఎందుకిలా?" అని అడిగే సమయం ఇచ్చి, దానికి జీతం కూడా ఇస్తారు. విసిగితే మానేసి పోతాడు. ఆ రెండూ అమ్మకి దొరకలేదు. ఆ రెండూ దొరికే చోటికి మా పిల్ల పోతానంటే నేను అడ్డం పడ్డాను.

ఇంకో సంగతి కూడా ఉంది. నాకు రెండేళ్ళ చెల్లి ఉండేది. వాంతులు, విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోయింది. పల్లె బావి పక్కనే ఊరి మురుగుకాలవ. ఏ పురుగు చంపిందో ఎవరూ పరీక్ష చేయలేదు, చేసే ఆలోచనే ఎవరికీ రాలేదు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ని 1972లో మైక్రోస్కోపులో చూశారు గానీ, నలభయ్యేళ్ళకి పైగా దాన్ని ల్యాబులో పెంచలేకపోయారు. 2016లో హ్యూస్టన్‌లో మేరీ ఎస్టెస్ బృందం ఈ పేగుముక్కల్లోనే పెంచగలిగింది. కొన్ని రకాలకి పైత్యరసం కలపాల్సొచ్చింది. అదే 2016లో మన ఆంధ్రలో పిల్లలకి రోటావైరస్ టీకా మొదలైంది. మంచిదే. కానీ ఆ టీకాలు ధనిక దేశాల పిల్లల్ని కాపాడినంతగా బీద దేశాల పిల్లల్ని కాపాడటం లేదు. మన దగ్గర తయారైన రోటావ్యాక్ టీకా, 2014లో అచ్చయిన ప్రయోగంలో, తీవ్రమైన రోటావైరస్ విరేచనాల్ని సగానికి కాస్త పైన మాత్రమే ఆపింది. కారణాలు చాలా చెబుతారు. అందులో పేగు కూడా ఒకటి. మురికినీళ్ళ మధ్య పెరిగిన పిల్లల పేగులో ఆ నూగు అణగారిపోతుంది. తిన్నది ఒంటబట్టదు.

అలాంటప్పుడు నోటిఫికేషన్లో మనిషి పేగు అని రాసినప్పుడు ఏ మనిషని అడగాలా వద్దా? పళ్ళెంలో పెరిగే ముక్క ఎవరో ఒకరి ఒంట్లోంచి వస్తుంది. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి తల్లి కణితి కణాల్ని ఆమెని అడక్కుండా తీసుకుని ప్రపంచమంతా పంచారు. ఆమె ఇంటివాళ్ళకి ఇరవయ్యేళ్ళ దాకా తెలియలేదు. ఇప్పుడు సంతకాలు పెట్టించుకుంటున్నారు. సంతకం పెట్టేంతవరకు మనం పెద్దాసుపత్రికి చేరితే గదా! మా చెల్లి పేగులాంటి పేగు ఆ పళ్ళేలలో లేకపోతే, అక్కడ తేలిన నిజం మా పల్లెకి సగమే వర్తిస్తుంది. ఈ ప్రశ్న ఆ గదిలో ఎవరికి తడుతుంది? వాగొడ్డు చూసినవాళ్ళకి తట్టొచ్చు. తప్పక తడుతుందని కూడా చెప్పలేను. మనవాళ్ళు అక్కడిదాకా పోయి నోరు మూసుకున్న సందర్భాలు నాకు తెలుసు. నేనూ అలాంటివాణ్ణే.

వారం తర్వాత ఫోన్ చేశాను. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, నువ్వు చేరమ్మా అని చెబుదామని. "నేనప్పుడే అప్లై చేశా సార్. ఇంటర్వ్యూ కూడా అయిపోయింది" అంది. నాకు కోపమొచ్చింది. కాసేపటికి నవ్వొచ్చింది.

ఇప్పుడు ఆమె అక్కడ చేరి ఎనిమిది నెలలు. ఆదివారాలు కూడా పోతుంది. ఒకసారి ఫోన్లో అంది: "సార్, ఇక్కడ వాడేసిన పళ్ళేలు పసుపు సంచుల్లో మోసుకుపోయే ఆమె ఉంది. మనామే. అవుట్‌సోర్సింగు. ఆమెకిచ్చే గ్లౌజులు మావాటికంటే పల్చన." సార్‌కి చెప్పావా అనడిగా. "చెప్పా. చూద్దాం అన్నారు. మళ్ళీ చెప్తా" అంది.

మొన్న సంక్రాంతికి ఊరికొచ్చినప్పుడు ఆమె అమ్మ పక్కన కూర్చుని తన పని చెప్పింది. పేగుముక్క మూసుకుపోయిన బంతిలాగా ఉంటుందట. తిండి తగిలే వైపు లోపలికుంటుంది. రోగం అంటుకునేదీ ఎక్కువగా ఆ వైపునుంచే. అందుకని 2019లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు లోపలి వైపు బయటికొచ్చేలా తిరగేసే పద్ధతి కనిపెట్టారు. చుట్టూ ఉన్న జిగురు తీసేసి నీళ్ళలాంటి మేతలో వదిలితే, రెండు మూడు రోజుల్లో దానంతటదే తిరగబడుతుంది.

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "పుల్ల లేకుండానా?" అంది. "పుల్ల లేకుండా ఎట్టా తిరగబడిద్దే? చిరగదూ?"

ఆ పిల్ల ఫోన్ తీసి, మైక్రోస్కోపులో తీసిన వీడియో వెతకడం మొదలెట్టింది.