చేతిలోని దూరవాణి, చేతికందని మనస్సు

వంగదేశమునందలి ఖరగ్‌పూరు ఇనుపదారుల వలన పెరిగిన పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే అచట కూడలిని, కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట ఉత్తరాంధ్రమునుండి అనేక కుటుంబములు జీవనోపాధికై ఆ ఊరు చేరినవి. మథురాకటి, నిమ్పురా మొదలగు పేటలలో నేటికిని తెలుగు పలుకు వినబడుచుండును. తొలితరము వారికి ఊరి వార్త కార్డుముక్కగా వచ్చెడిది. తంతి వచ్చినచో దానిని విప్పకమునుపే ఇంట గుండెలు జారిపోయెడివి. ఆ తంతి సేవయు 2013 జూలైలో దేశమంతట నిలిచిపోయినది.

1995 జూలై 31వ తేదీన జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని సుఖరాముతో మాటాడెను. మన దేశమున సెల్ ఫోనుపై జరిగిన తొలి సంభాషణ అదియే. ఆ తొలి సంవత్సరములలో వచ్చిన పిలుపునకు కూడ రుసుము చెల్లింపవలసి యుండెను గనుక శ్రామికుని కది అందని వస్తువు. 2016 తరువాత అంతర్జాలపు వెల మిక్కిలి తగ్గుటచే స్థితి మాఱినది. నేడు శ్రీకాకుళపు పల్లెలోని నాయనమ్మ ఖరగ్‌పూరులోని మనుమని ముఖము చూచుచు మాటాడుచున్నది. బడిలో ఇతర భాషలు చదువుకొను ఆ బాలునకు ఆమె పలుకే తెలుగు పాఠము. మనియార్డరు కొఱకు దినములు వేచిన తల్లికి కొడుకు పంపు సొమ్ము క్షణములో చేరుచున్నది. ఇట్టి ఉపకారమును మాయ యని నిందించుట కృతఘ్నత యగును.

అయినను ఆ ఇంటనే మఱియొక దృశ్యము కలదు. రాత్రి డ్యూటీ ముగించి వచ్చిన తండ్రి కన్నులు ఫోనుపై నుండును. కుమారుని కన్నులును అట్లే. మూలనున్న మంచముపై వృద్ధుడు "తింటివా?" యను ఒక్కమాటకై వేచియుండును. వందల మైళ్ల వార్త ఇంటికి వచ్చినది గాని నాలుగడుగుల దూరమున నున్న మనుష్యుడు దూరస్థుడైనాడు.

2023 జూన్ 2వ తేదీ సాయంకాలము ఖరగ్‌పూరు డివిజనులోని బహానగా బజారు స్టేషనువద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగియున్న గూడ్సుబండిని ఢీకొనెను. ఆ దుర్ఘటనలో 290 మందికి పైగా మరణించిరి. ఖరగ్‌పూరు మొదలగు స్టేషనులలో సహాయార్థము ఫోను నంబరులు ఏర్పాటైనవి. తమవారు ఆ బండిలో నున్న ప్రతి యింటను ఆ రాత్రి కోరినది ఒక్కటే: "క్షేమముగా నున్నాను" అను ఒక్క పలుకు. నాడు అమూల్యమైన ఆ కంఠస్వరము, ఎదుటనే కూర్చుండి పలుకునప్పుడు ఏల చులకన యగుచున్నది? స్వరము మాఱలేదు, వినువాని మనస్సు మాఱినది.

కఠోపనిషత్తు దేహమును రథముగాను, ఇంద్రియములను గుఱ్ఱములుగాను, మనస్సును పగ్గముగాను నిరూపించినది. గుఱ్ఱములను చంపుమని అది చెప్పలేదు. పగ్గము సారథి చేతిలో నుండవలెనని మాత్రమే చెప్పినది. రైల్వే పట్టణపు వారికి ఈ ధర్మము క్రొత్త గాదు. రైలు నడపువాడు నడపునంతసేపు తన సెల్ ఫోను ఆపివేసి యుంచవలెనని నియమము. అతడు దానిని బంధనముగా నెంచడు. వెనుక పెట్టెలలోని ప్రాణములు తన దృష్టిపై ఆధారపడియున్నవని ఎఱుగును. గృహస్థుని వెనుకను కొన్ని ప్రాణములు అట్లే ఉన్నవి.

కావున సంధ్యాదీపము వెలిగించినది మొదలు భోజనము ముగియువఱకు ఇంటివారందఱును ఫోనులను ఒకచోట నుంచి, ఒకరి మాట నొకరు వినుట మంచి సాధన. దూరముననున్న తల్లితో మాటాడునపుడు వేఱొక వార్తను చూడక, ఆమె చెప్పునదంతయు వినవలెను. ఇంద్రియములను వెనుకకు మరల్చు ప్రత్యాహారము అరణ్యవాసులకే విధింపబడినది గాదు. మంచముపైనున్న తండ్రి వైపు ముఖము త్రిప్పి "తింటివా?" యని అడుగుటతో గృహస్థునకు అది ఆరంభమగును.