చేయి అదుపు తప్పిన చోట



పోచంపల్లి ఇక్కత్ చీరను దగ్గరగా పట్టుకుని చూడండి. అందులో పువ్వు అంచు స్కేలుతో గీసినట్టు ఉండదు. కొంచెం చెదిరినట్టు, రంగు పక్కకు పాకినట్టు ఉంటుంది. ఎందుకని? ఇక్కత్‌లో నేయకముందే నూలును లెక్క ప్రకారం గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కకూడదు. అయినా కట్టు కిందికి కాస్త ఊరుతుంది. మగ్గం మీద పోగు వెంట్రుకవాసి జరుగుతుంది. ఎంత చేయితిరిగిన నేతగాడైనా దీన్ని పూర్తిగా ఆపలేడు. ఆ చెదురే ఇక్కత్‌కు అందం.

మన అదుపు తప్పింది అందమెలా అవుతుంది? ధమ్మంలో దీనికి జవాబుంది. బుద్ధుడు తన మొదటి ఐదుగురు భిక్షువులకు అనాత్మను బోధించాడు. ఈ శరీరం నిజంగా మన సొంతమైతే, ఇలా ఉండు, అలా ఉండకు అంటే వినాలి కదా? వినదు. మన ఒళ్లే మన మాట విననప్పుడు నూలూ రంగూ వింటాయా? ఏ పనైనా అనేక కారణాలు కలిస్తేనే పుడుతుంది. అదే పటిచ్చసముప్పాదం. చేసేవాడు ఆ కారణాల్లో ఒకడు, అంతే. 'అంతా నేనే' అనే పట్టు సడలితే, అనుకోకుండా వచ్చింది కంటికి ఆనుతుంది. అనిత్యత ఉంది కాబట్టే ఒకటి మరొకటిగా మారగలదని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో వివరించారు.

అలాగని ఎట్లా పడితే అట్లా చేస్తే కళ అయిపోదు. వీణ తెలిసిన సోణుడికి బుద్ధుడు చెప్పింది గుర్తుందా? తీగ మరీ బిగిస్తే పలకదు, మరీ వదులైనా పలకదు. అనుకోనిది వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టే ఎరుక కావాలి. ఆ ఎరుకే అప్పమాదం. అజాగ్రత్త వేరు, అదుపు తప్పడం వేరు.

ఇక అసలు ప్రశ్న. ఈ స్వేచ్ఛ ఎవరికి ఉంది? పేరున్న చిత్రకారుడి కాన్వాసు మీద రంగు ఒలికితే 'ప్రయోగం' అంటాం. కూలికి నేసే మనిషి చీర మీద ఒలికితే 'డ్యామేజీ' అంటాం, కూలీలో కోత పెడతాం. ఒలికింది ఒకే రంగు, న్యాయాలు మాత్రం రెండు! కోత భయంతో వణికే చేయి కొత్తదాన్ని వెతకదు, పాత నమూనానే పట్టుకుని వేలాడుతుంది. అప్పుడు నష్టం ఆ మనిషికే కాదు, కళకూ.

కాబట్టి అనిత్యతను ఒప్పుకోవడమంటే ధ్యానంలో కళ్లు మూసుకుని అనుకోవడం ఒక్కటే కాదు. అందులోంచి వచ్చే నష్టాన్ని ఒక్కడి నెత్తిన వేయకుండా అందరం పంచుకోవడం. సమ్యక్ ఆజీవం అంటే ఇదీ. ఈసారి చీర కొనేటప్పుడు, అంచు చెదిరిందని చూపించి ధర తగ్గించమనకండి. అక్కడ ఒక మనిషి చేయి ఉంది.

నమో బుద్ధాయ. జై భీమ్.