విడిచిపెట్టుటయు పోగొట్టుకొనుటయు

మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గల ఒక నూనెరంగుల పటమును మనస్సునకు తెచ్చుకొనుడి. తెల్లని నేలమీద అడ్డముగాను నిలువుగాను నల్లని గీతలు. కుడివైపు పైభాగమున పెద్ద ఎఱ్ఱని చదరము; ఎడమవైపు క్రింద చిన్న నీలపు గడి; కుడి మూలను క్రింద అంతకంటె చిన్న పసుపు గడి. అంతే. మనుష్యుడు లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. హాలెండు దేశస్థుడైన పీట్ మోండ్రియన్ దీనిని 1930లో చిత్రించెను. ఇప్పుడిది స్విట్జర్లాండులోని జ్యూరిక్ చిత్రశాలలో నున్నది.

“మా పొలము గట్లే ఇంతకంటె బాగుండును” అని మీరు నవ్వవచ్చును. అయితే అతడు ఇక్కడికి ఎట్లు వచ్చెనో వినుడి. 1872లో పుట్టిన ఇతని తండ్రి క్రైస్తవ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. ఇంటిలో భక్తి క్రమము కఠినము. యౌవనమున ఇతడు గాలిమరలను, కాలువలను, చెట్లను ఉన్నవి ఉన్నట్లే చిత్రించెను. 1911లో వేసిన బూడిదరంగు చెట్టుకు ఆకులు లేవు, వంగిన కొమ్మలు మాత్రమే. తరువాతి పటములలో మానును కొమ్మలును గీతలలో కలిసిపోయెను. మరి పదేండ్లకు మిగిలినవి తిన్నని గీతలు, మూడు రంగులు. పైరూపములను తీసివేసినయెడల లోపలి క్రమము కనబడునని అతని నమ్మకము.

ఆకులు లేని చెట్టు అనంతపురము వారికి క్రొత్త కాదు. నైరుతి మేఘములను పడమటి కనుమలు ఆపును. ఈశాన్యపు మేఘములు తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుసెనగ ఊడలు భూమిలోనికి దిగు వేళ ఒక్క వాన తప్పినను, పైన తీగ పచ్చగా నుండియు క్రింద కాయ లొట్టపోవును. అప్పుడు ఇంటిలోనివి ఒక్కటొక్కటిగా రాలును: మొదట ఎద్దులు సంతకు, పిమ్మట భార్య మెడలోని బంగారము కుదువకు, కడపట కుమారుడు బెంగుళూరుకు.

ఇక్కడనే మన ప్రశ్న. “చూడుడి, ఆ చిత్రకారుడు తగ్గించుకొనెను, మీకును తగ్గినది, కొంచెములోనే అందమున్నది, తృప్తినొందుడి” అని ఎవరైనను చెప్పినయెడల ఒప్పుకొందుమా?

ఒప్పుకొనరాదు. ఆ చిత్రకారుని కుంచె అతని చేతిలోనే యుండెను. ఏది తీసివేయవలెనో అతడే నిర్ణయించుకొనెను. రైతు నెవరును అడుగలేదు. ఉపవాసమునందును ఆకలియందును కడుపు ఖాళీయే. కాని ఉపవాసమున్నవాని ఇంట కుండలో గింజలున్నవి. మోండ్రియన్‌కును ఈ భేదము తెలియకపోలేదు. అతని పటములు అమ్ముడుపోని దినములలో, జీవనముకొరకు పువ్వుల బొమ్మలు వేసి అమ్ముకొనెను. తన కళలోనుండి తానే తొలగించిన పువ్వులను, రొట్టెకొరకు మరల పట్టుకొనవలసి వచ్చెను! అది త్యాగము కాదు, అక్కఱ.

అట్లయిన ఈ పటము మనకు నిష్ప్రయోజనమా? కాదు. మరల చూడుడి. ఆ పెద్ద ఎఱ్ఱ చదరము పటమునంతటిని ఆక్రమింపలేదు. అది ఒక హద్దున ఆగినందుననే చిన్న నీలమును చిన్న పసుపును తమ మూలలలో నిలిచి, దానికి సరితూగుచున్నవి.

బోరులో నీళ్లున్న సహోదరుడా, ఈ మాట నీకే. కరవు సంవత్సరమున వరి మాని కొఱ్ఱలు వేసికొనుము. అందువలన భూమిలోని నీరు ఇరుగువాని బావికిని మిగులవచ్చును. ఎండిపోవు అతని వేరుసెనగకు ఒక్క తడి ఇమ్ము. ఇది నీవు నీ కుంచెతో నీ పటములోనుండి తీసివేయునది. ఇదే నిజమైన విడిచిపెట్టుట.

కాబట్టి తృప్తిని గూర్చి బోధించుటకు ముందు, వినువాని చేతిలో కుంచె యున్నదా అని చూడవలెను. విడిచిపెట్టుమని చెప్పవలసినది ఉన్నవానితో. పోగొట్టుకొన్నవానితో చెప్పవలసిన మాట ఒక్కటే: “ఇదిగో, తీసికొనుము.”