చింతచెట్ల మీద గొడ్డలి పడకముందే

అబ్బాయీ,

చర్చి ఆవరణలోని చింతచెట్లు రెండూ కొట్టేసి రోడ్డు వారగా షాపు గదులు కడదామని, మిగిలిన నేలంతా టైల్స్ పరిపిద్దామని కమిటీ వాళ్ళు అంటున్నారని ఫోనులో చెప్పావు. సంఘానికి రాబడి కావాలి, కాదనను. నీ జీతమే రెండు మూడు నెలలకొకసారి చేతికొస్తోందని మీ అమ్మ చెప్పింది. అయినా పెద్దవాణ్ణి అడుగుతున్నాను, ఈ ఒక్క పనికి మాత్రం ఒప్పుకోకు నాయనా. గదులు కట్టుకోనీ, చెట్లు తప్పించి కట్టమను.

పాస్టరుగా కొత్తగా వెళ్ళినవాడివి, ఎదురు మాట్లాడితే బాగుండదేమోనని జంకుతున్నావు. నువ్వు మాట్లాడొద్దు, వాక్యాన్ని మాట్లాడనివ్వు. ద్వితీయోపదేశకాండం 20వ అధ్యాయం చివరి వచనాలు కమిటీలో చదివించు. పట్టణాన్ని రోజుల తరబడి ముట్టడించిన సైన్యం సైతం పండ్లచెట్ల మీద గొడ్డలి వేయకూడదని దేవుడు అక్కడ ఆజ్ఞాపించాడు. ప్రాణాల మీదికి వచ్చిన యుద్ధంలోనే చెట్టును విడిచిపెట్టమన్నాడు. అద్దెల కోసం మనమే నరికితే ఆ మాటను ఇంకెవరు పాటించాలి? చింతకాపు వేలం వేస్తే ఏటా ఎంత వస్తుందో అది కూడా కనుక్కుని లెక్కలో చూపించు. ఆరాధన అయ్యాక ముసలమ్మలు బైబిలు సంచులు ఒళ్ళో పెట్టుకుని ఎక్కడ కూర్చుంటున్నారో, సైకిళ్ళు, బళ్ళు ఎక్కడ నిలుపుతున్నారో కమిటీ పెద్దలను ఒక్క ఆదివారం గమనించమను. మే నెలలో టైల్స్ మీద వాళ్ళెవరూ నిలబడలేరు.

ఇంకో చిక్కు కూడా వస్తుంది. వెనకవైపు వేపచెట్టు ఉందన్నావు కదా. వేప గాని, రావి గాని కనిపిస్తే, అది అమ్మవారి చెట్టు, విశ్వాసుల ఆవరణలో ఎందుకు అనేవాళ్ళు మన సంఘాల్లో ఉన్నారు. దాన్ని కొట్టేయడమే విశ్వాసానికి రుజువనుకుంటారు. వాళ్ళను కసురుకోకు. పాత మొక్కుబళ్ళు విడిచి వచ్చిన తాతల నాటి భయం అది. చెట్టుకు మొక్కం, చెట్టును పుట్టించినవాడికి మొక్కుతాం, అందుకే దాన్ని కాపాడతాం అని నిదానంగా విడమరిచి చెప్పు. దేవుడు ఆదామును ఏదెను తోటలో పెట్టింది దాన్ని సాగు చేయడానికీ, కాయడానికీ. ఆది 2వ అధ్యాయంలోనే, పాపం ఇంకా లోకంలో అడుగుపెట్టకముందే, మనిషికి అప్పగించిన మొదటి పని అది. శాపం వల్ల వచ్చిపడిన చాకిరీ కాదు.

మన చరిత్ర కూడా యౌవనస్థులకు ఈ కోణంలో చెప్పు. ప్రకాశం జిల్లా బాప్టిస్టు సంఘాలు పెరిగింది కరువులో. 1876-78 కరువులో మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని చూపించారు. కూటి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య మనవాళ్ళందరికీ కంఠతా వచ్చు. అప్పుడు ఏటి ఒడ్డున నిలబడినవాళ్ళు చాలామంది సెంటు భూమి లేని కూలీలన్నది మాత్రం ఎవరూ గుర్తు చేయరు. వానలు ముఖం చాటేస్తే, నేల చెడితే, నీళ్ళు చెడితే మొట్టమొదట దెబ్బ తినేది అలాంటివాళ్ళే. ఈనాటికీ అంతే. డబ్బున్న ఇంటికి నీళ్ళ క్యాన్ వస్తుంది. కనిగిరి వైపు ఊళ్ళలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళ ఇళ్ళకు నువ్వు ప్రార్థనకు వెళ్ళినప్పుడు నేను చెప్పేది నీకే అర్థమవుతుంది. నీళ్ళ సంగతి, నేల సంగతి పట్టించుకోవడం సువార్తకు అవతలి పని అని ఎవరైనా అంటే నమ్మకు.

ఆ నీళ్ళ దగ్గరికే వద్దాం. ఇప్పుడు చాలా సంఘాల్లో ఏటికి వెళ్ళడం లేదు, బాప్తిస్మానికి సిమెంటు తొట్టి కట్టుకున్నాం. బోరు వేసి తొట్టి నింపుతాం, ఆరాధన అవగానే బిరడా లాగేస్తాం, అన్ని నీళ్ళూ రోడ్డు పక్క మురుగుకాలువలోకి పోతాయి. ప్లంబర్ని పిలిపించి తొట్టి కింద గొట్టం పెట్టించి, ఆ నీటిని వేపచెట్టు పాదుకు మళ్ళించు. పెద్ద ఖర్చేమీ కాదు. చర్చి డాబా మీద పడే వాన నీటికి కూడా బోరు పక్కనే ఇంకుడుగుంత తవ్వించు.

ప్రేమ విందుల సంగతి చెప్పాలంటే బాధేస్తుంది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. అయినా క్రిస్మస్ మర్నాడు మన చర్చిల వెనక చూడు, కాల్చిన ప్లాస్టిక్ కుప్పలే. అయిదు వేలమందికి పెట్టిన తర్వాత ప్రభువు ఊరుకోలేదు. ఏమీ పాడు కాకూడదని మిగిలిన ముక్కలు ఏరించాడు, పన్నెండు గంపలు నిండాయి. అద్భుతం చేయగలిగినవాడు మిగులు ఏరించాడంటే అది మనకు నేర్పడానికే. విస్తరాకులు తెప్పించు, లేదా సంఘానికి స్టీలు పళ్ళేలు కొనిపించు. అయితే వాటిని కడిగే పని స్త్రీల సమాజం నెత్తిన పెట్టొద్దు. యౌవనస్థుల కూటమిలోని మగపిల్లల్ని పంపు దగ్గర కూర్చోబెట్టు, వాళ్ళతో పాటు నువ్వూ కూర్చో.

ఎవరో ఒకరు లేచి, ఈ భూమి ఎలాగూ కాలిపోతుంది కదా పాస్టరుగారూ, చెట్ల కోసం ఇంత ఆరాటం ఎందుకు అంటారు. పేతురు రెండో పత్రిక చూపిస్తారు. ప్రకటన 11వ అధ్యాయం చివర ఏముందో వాళ్ళకు నువ్వు చూపించు. భూమిని నాశనం చేసేవాళ్ళను నాశనం చేసే కాలం గురించి అక్కడ ఉంది. యజమాని వచ్చే వేళకు నమ్మకమైన గృహనిర్వాహకుడు ఎలా ఉండాలో లూకా 12లో ప్రభువే చెప్పాడు. ఆయన వస్తున్నాడు కాబట్టి ఆస్తిని పాడుచేసుకోవచ్చని అందులో ఎక్కడా లేదు.

చివరిగా సంఘం పొలం. నిజానికి ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం ఇదే. ఏటేటా వేలం పెట్టి ఎక్కువ పాడినవాడికి కౌలుకిస్తున్నారు. ఒక్క ఏడాది చేతిలో ఉండే పొలానికి ఎవడు ఎరువు తోలుతాడు, ఎవడు గట్లు వేస్తాడు? యూరియా చల్లి, మందులు కొట్టి, దొరికినంత పిండుకుని పోతాడు. ఏడో ఏట భూమికి విశ్రాంతి ఇమ్మని, నేల నాది, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు మాత్రమేనని లేవీయకాండం 25లో దేవుడు చెప్పిన మాటలు మన పొలానికి కూడా వర్తిస్తాయి. ఏడాది పొడుగునా బీడు పెట్టమంటే కమిటీ వినదు, నేనూ అడగను. కౌలు అయిదేళ్ళకు ఇప్పించు. పొలం లేని సంఘస్థుల కుటుంబానికి, కాస్త తగ్గించి అయినా సరే, ఇప్పించు. ప్రతి ఏడూ వరికి ముందు జీలుగో జనుమో వేసి దున్ని తీరాలని కౌలు కాగితంలోనే రాయించు. మీ మండలంలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతు ఎవరైనా ఉంటే కౌలుదారును ఒకసారి తీసుకెళ్ళి చూపించు, ఘనజీవామృతం కలపడం అక్కడే నేర్చుకుంటాడు. పచ్చిరొట్ట విత్తనాలు వ్యవసాయ శాఖ వాళ్ళు సబ్సిడీ మీద ఇస్తారు, కాని ఆలస్యమైతే దొరకవు. తొలకరికి ముందే వెళ్ళి పేరు రాయించుకోమని చెప్పు.

మీ మామయ్య