తెలియదంటే సరిపోతుందా?

ఒక వస్తువు వాడుకున్నవారికీ, ఆ వస్తువు వల్ల నష్టపోయినవారికీ మధ్య సంబంధం ఉందా? డబ్బిచ్చి కొన్నాం కాబట్టి లెక్క తీరిందని బజారు అంటుంది. పరిశ్రమల కోసం, యుద్ధాల కోసం మనుషులు చెల్లించిన ధరను చూపే డాక్యుమెంటరీ సినిమాలు ఆ లెక్కను మళ్లీ తెరుస్తాయి. అలాంటివి మూడు తీసుకుని ఆలోచిద్దాం.

మొదటిది 1958లో ఫ్రాన్సులో అలెన్ రెనే తీసిన ‘స్టైరీన్ పాట’. నిడివి పావుగంట లోపే. ఒక ప్లాస్టిక్ గిన్నె దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది: అచ్చు, రంగు గుళికలు, పాలీస్టైరీన్, చివరికి నూనె, బొగ్గు. రంగులు కళ్లు చెదిరేలా ఉంటాయి. మనుషులు మాత్రం దాదాపు కనిపించరు. గిన్నెకు ఒక పుట్టుక ఉందని చెప్పిన సినిమా, ఆ పుట్టుకలో ఎవరి చెమట ఉందో చెప్పదు. దాన్ని తీయించింది పెషినే అనే కంపెనీయే మరి. ఆ పేరు మనకు దూరపుది కాదు. అరకు పక్కనే కోరాపుట్ జిల్లాలో పంచపట్‌మాలి కొండ మీద బాక్సైట్ తవ్వే నాల్కో సంస్థ 1981లో ఏర్పడింది ఆ పెషినే సాంకేతిక సహకారంతోనే.

రెండోది 1969లో పశ్చిమ జర్మనీలో హరూన్ ఫరోకీ తీసిన ‘ఆర్పలేని మంట’. వియత్నాం మీద అమెరికా కురిపించిన నాపామ్ గురించి, దాన్ని తయారుచేసిన డౌ కెమికల్ కంపెనీ గురించి. ఫరోకీ బల్ల ముందు కూర్చుని ఒక బాధితుడి వాంగ్మూలం చదువుతాడు. గాయాలు చూపిస్తే మీరు కళ్లు మూసుకుంటారు, ఆ తర్వాత వాస్తవాలకు కూడా కళ్లు మూసుకుంటారు అంటాడు. అందుకని వెలుగుతున్న సిగరెట్టును తన చేతి మీదే ఆర్పుకుంటాడు. సిగరెట్టు వేడి 400 డిగ్రీలు, నాపామ్ వేడి 3,000 డిగ్రీలు అని వ్యాఖ్యానం వినిపిస్తుంది.

ఆ నాపామ్‌లో కలిపినవి పెట్రోలు, బెంజీన్, పాలీస్టైరీన్. రెనే సినిమాలోని గిన్నె పాలీస్టైరీనే. మన పెళ్లిళ్లలో అడ్డాకు విస్తరిని పక్కకు నెట్టిన థర్మాకోల్ పళ్లెమూ అదే. పదార్థానికి పాపం అంటదు. దాన్ని ఎటు పంపాలో నిర్ణయించేది మనుషులు.

సినిమా చివర ఫరోకీ ఒక కథ చెబుతాడు. దుమ్ము పీల్చే యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు భార్య కోసం రోజుకో భాగం ఇంటికి తెచ్చి బిగిస్తాడు. ఎలా బిగించినా తుపాకీయే తయారవుతుంది. అక్కడే పనిచేసే ఒక విద్యార్థి, ఇది తుపాకుల ఫ్యాక్టరీ అని రుజువు చేద్దామని భాగాలు తెస్తాడు. ఎలా బిగించినా దుమ్ము పీల్చే యంత్రమే వస్తుంది. పనిని ముక్కలు చేస్తే, ఎవరి ముక్క వారికి అమాయకంగానే కనిపిస్తుంది. మొత్తం ఏమిటో ఎవరూ చూడరు.

మూడోది శ్రీప్రకాశ్ 1999లో తీసిన సినిమా. జాదూగోడలో బుద్ధుడు ఏడుస్తున్నాడని దాని పేరు. 1974 అణుపరీక్షకు ‘నవ్వే బుద్ధుడు’ అని పేరు పెట్టిన దేశానికి ఆ పేరే జవాబు. నేటి ఝార్ఖండ్‌లోని జాదూగోడలో 1960ల నుంచి యురేనియం తవ్వుతున్నారు. వ్యర్థాలను నిలవచేసే చెరువుల పక్కనే సంతాల్, హో ప్రజల ఊళ్లున్నాయి. పిల్లలకు వస్తున్న జబ్బుల గురించి వాళ్లే మాట్లాడతారు. గనికీ జబ్బులకూ సంబంధం లేదని కంపెనీ అంటుంది. రెనే చూపని మనుషులు ఇక్కడ తెర నిండా ఉన్నారు. వాళ్లు మనలాంటివాళ్లు.

అయితే మనం నష్టపోయినవాళ్లం మాత్రమేనా? కొండ పోగొట్టుకున్న ఇంట్లోనూ అల్యూమినియం గిన్నె ఉంది. అలాగని అందరూ సమాన దోషులే అనడం తప్పు. అందరూ దోషులే అంటే ఎవరూ దోషులు కారు. నిర్ణయించిన యజమాని, తెలుసుకోగలిగిన శాస్త్రవేత్త, కూలి కోసం చేసిన కార్మికుడు, సంతలో కొన్న మనిషి ఒకే చోట నిలబడరు. ఒకరి నుంచి దాచిపెట్టిన విషయం వారికి తెలియకపోవడం నేరం కాదు. తెలిస్తే ఇబ్బందని అడగకపోవడం వేరు.

అడిగి ఏం లాభం, అన్నీ మానేసి బతకగలమా అంటారు. మానేయమని కాదు. మన ఊళ్లలో కొత్త పండుగ చేయకుండా ఆ ఏటి మామిడిని, సామలను, కొర్రలను నోట పెట్టరు. తిండి నేల నుంచి, పెద్దల నుంచి వచ్చిందని ముందు ఒప్పుకుంటాం, తర్వాత తింటాం. ఫ్యాక్టరీ వస్తువుకు అలాంటి పండుగ లేదు. దాని వెనుక ఎవరున్నారని అడగడమే మనం చేయగలిగిన కొత్త పండుగ. 2013లో నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నాయి. తవ్వకానికి ముందే కొండ గురించి అడిగారు కాబట్టి, తవ్వకానికి ముందే చెప్పగలిగారు.

మన పిల్లలు రేపు గనుల్లో, మందుల కంపెనీల్లో, సైన్యంలో, ఆఫీసుల్లో పనిచేస్తారు. చేయాలి కూడా. అప్పుడు వారి చేతికీ ఒక ముక్క వస్తుంది. ఈ ముక్కలన్నీ బిగిస్తే ఏమవుతుందని అడిగే అలవాటు బడిలోనే మొదలవ్వాలి. పరీక్షలో ఆ ప్రశ్న రాదు. మనమే అడగాలి.